ముఖం కిందికి పెట్టి పోసే పలక

పదేళ్ళు కడియం నర్సరీలకు సిమెంటు కుండీలు పోశాను. గోడలకి అంటించే ఉబ్బెత్తు డిజైన్ల సిమెంటు పలకలు, అదే త్రీడీ టైల్స్, మొదలుపెట్టినప్పుడు ఇదీ అచ్చే, అదీ అచ్చే కదా అనుకున్నా. మొదటి వారం పోసిన నలభై పలకల్లో గోడకి పనికొచ్చింది ఒక్కటీ లేదు. కుండీకి చిన్న బొక్క పడితే దాన్ని మొక్క దాచేస్తుంది. ఈ పలకల మీదైతే పక్కనుంచి లైటు వేస్తారు. ఆవగింజంత బొక్క కూడా నీడతో సహా కనిపిస్తుంది.

పైగా దీన్ని బోర్లా పోస్తాం. డిజైను అచ్చు అడుగున ఉంటుంది, మనకి కనిపించేది వీపు. ముఖం ఎలా వచ్చిందో తెలిసేది మర్నాడే. ఆ రాత్రి టెన్షన్ నాకిప్పటికీ పోలేదు.

లోతు తక్కువున్న అలల డిజైన్లకి గట్టి ప్లాస్టిక్ అచ్చు చాలు, చవక కూడా. వజ్రం కోతల్లాంటి పదును మొనలుంటే మాత్రం రబ్బరు అచ్చే కొనండి. ప్లాస్టిక్ దాంట్లోంచి తీసేటప్పుడు మొనలు విరిగి అందులోనే ఉండిపోతాయి. నూనె విషయంలో నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. కుండీల అలవాటు కొద్దీ పాత ఇంజనాయిల్ రాశాను, తెల్ల పలకలు టీ ఒలికినట్టు మరకలతో వచ్చాయి. ఇప్పుడు అచ్చులకని అమ్మే నూనె స్పాంజితో రాసి, పొడిగుడ్డతో దాదాపు మొత్తం తుడిచేస్తా. నూనె నిలిచిన చోట బుడగ ఖాయం.

అడుగు చదరం, సగటున 20 మిల్లీమీటర్ల మందం ఉన్న ఆరు పలకలకి నా లెక్క ఇది: తెల్ల సిమెంటు 10 కిలోలు, ఎండబెట్టి సన్నజల్లెడ పట్టిన ఇసుక 15 కిలోలు, నీళ్ళు మూడున్నర లీటర్లు, తక్కువ నీళ్ళతోనే మాలు జారేలా చేసే ప్లాస్టిసైజర్ మందు (పాలీకార్బాక్సిలేట్ రకం) 80 మిల్లీలీటర్లు. కాస్త మిగులుతుంది, పర్వాలేదు. రంగు కావాలంటే ఐరన్ ఆక్సైడ్ పొడి 200 నుంచి 300 గ్రాములు, సిమెంటుతో పొడిగా కలిపి రెండుసార్లు జల్లించండి. మరీ ఎక్కువ గుమ్మరిస్తే ఒక దశ దాటాక రంగు పెద్దగా ముదరదు, పలక బలం తగ్గుతుంది.

అసలు పనంతా నీళ్ళ దగ్గరే. ప్లాస్టిసైజర్ నీళ్ళలోనే కలిపి పోస్తాను. మొదట్లో మాలు తడిసిన రవ్వలా ఉంటుంది, కలిసేలాగే కనపడదు. కొత్తగా చేరిన ప్రతి కుర్రాడూ అక్కడే కంగారు పడతాడు.

"బాబాయ్, ఇంకో చెంబు పోసేదా?"

"ఆగరా, రెండు నిమిషాలు తిప్పు."

తిప్పుతూ ఉంటే ఉన్నట్టుండి జారడం మొదలై ఇడ్లీ పిండిలా అవుతుంది. ఆ చెంబు నీళ్ళు పోసుంటే అప్పటికి హాయిగా ఉండేది, కానీ ఎక్కువైన నీరంతా తర్వాత ఆవిరై సన్న సన్న రంధ్రాలు వదిలేది. గోరుతో గీకితే ముఖం పొడిపొడిగా రాలేది.

అచ్చులో సగం వరకే పోసి, పెయింటు బ్రష్షుతో మూలల్లోకి పొడుస్తాను. అప్పుడు వైబ్రేటర్ టేబుల్ మీద నిమిషంన్నర. బుడగలు ముందు పెద్దవి, తర్వాత గసగసాల్లా పైకొస్తాయి. రావడం ఆగాక మిగతా మాలులో 100 గ్రాముల గాజు నార కలిపి పై సగం నింపుతాను. సిమెంటుకి తట్టుకునే రకం నార అని అడిగి కొనండి, మామూలు దాన్ని సిమెంటు తినేస్తుంది. పచ్చిగా ఉండగానే వీపు మీద దువ్వెనలా గీతలు పెట్టండి, గోడకి పట్టు దొరుకుతుంది. అచ్చులు మాత్రం రసమట్టం చూసిన బల్ల మీదే పెట్టాలి. ఎండాకాలంలో ఈ పనంతా తొమ్మిదింటిలోపే ముగిస్తాను.

24 గంటల తర్వాత తియ్యొచ్చు. ప్లాస్టిక్ అచ్చు మొండికేస్తే చెయ్యి ఓర్చుకునే వేడినీళ్ళలో కాసేపు ముంచండి, దానంతటదే వదులుతుంది. సుత్తి జోలికి పోవద్దు. తర్వాత పాలిథిన్ పట్టా కప్పి వారం రోజులు నీడలో ఉంచాలి. బోరు నీళ్ళు చల్లితే ఉప్పు తేలి తెల్లమచ్చలు పడతాయి. పలకల్ని ముఖాలు ఆనకుండా, మధ్యలో చెక్కపేళ్ళు పెట్టి నిలబెట్టండి.

గోడకి సిమెంటు పాలు కాదు, టైల్ గమ్ వాడండి. ఒక్కో పలక నాలుగు కిలోల పైమాటే. అందుకే కింది వరస నుంచి మొదలుపెట్టి రోజుకి మూడు వరసలు మించను. పూర్తిగా ఆరాక, నీళ్ళూ మరకలూ పీల్చుకోకుండా సీలర్ రెండు పూతలు.

ఎవరికి పోసినా నాలుగు పలకలు ఎక్కువే ఇస్తాను. ఏసీ వాడో కేబుల్ వాడో వచ్చి ఒకటి పగలగొడతాడు. మళ్ళీ పోస్తే అదే రంగు రమ్మన్నా రాదు.