పాఠశాల ప్రదర్శన కోసం ఒలింపిక్ హౌస్ నమూనా తయారీ

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వైజ్ఞానిక ప్రదర్శన అనగానే అగ్నిపర్వతాలు, గాలిమరలు, ఇంకుడుగుంటలు బారులు తీరుతాయి. వాటికి భిన్నంగా ఒక కట్టడాన్ని చూపించాలనుకునే పిల్లలకు, వారికి తోడుండే ఉపాధ్యాయులకు నేను సూచించేది అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ప్రధాన కార్యాలయం. స్విట్జర్లాండ్‌లోని లొజాన్ నగరంలో, లెమాన్ సరస్సు ఒడ్డున విడీ అనే చోట ఉన్న ఈ భవనం పేరు ఒలింపిక్ హౌస్. దీని గొప్పతనమంతా లోపలి మెట్లలోనూ, నీటి ఏర్పాటులోనూ ఉంది కాబట్టి, పైకప్పు తీసి లోపల చూపించగలిగేలా నమూనా కట్టకపోతే పడిన శ్రమ సగం వృథా అవుతుంది.

ముందుగా ఫోటోలు సేకరించాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. అదే నగరంలో ఊషీ అనే చోట 1993లో తెరిచిన ఒలింపిక్ మ్యూజియం ఉంది. వెతికినప్పుడు దాని బొమ్మలే ఎక్కువగా కనిపిస్తాయి. మీకు కావలసింది డెన్మార్క్‌కు చెందిన త్రీఎక్స్‌ఎన్ సంస్థ రూపొందించిన, గోడలన్నీ అద్దాలుగా వంపులు తిరిగి ఉండే కార్యాలయ భవనం. కమిటీ 1894 జూన్ 23న పారిస్‌లో ఏర్పడింది. సరిగ్గా 125 ఏళ్లు నిండిన రోజున, అంటే 2019 జూన్ 23న, ఈ భవనాన్ని ప్రారంభించారు. అంతకుముందు 1968 నుంచి పక్కనే ఉన్న షాతో ద విడీ అనే పాత భవంతి ప్రధాన కార్యాలయంగా ఉండేది. నమూనాలో ఒక మూల దానిని చిన్న అట్టపెట్టెతో చూపితే చాలు.

పీఠానికి రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు ఉన్న ప్లైవుడ్ సరిపోతుంది. అంతకు మించితే ఆటోలో పట్టదు. అంతస్తుల పలకలకు ఫ్లెక్సీ షాపుల్లో కత్తిరించగా మిగిలిన సన్‌బోర్డు (తేలికైన ఫోమ్ పలక) ముక్కలను అడిగి తెచ్చుకోండి. ఒలింపిక్ హౌస్ కోసం కూల్చిన పాత కట్టడాల సామగ్రిలో 95 శాతానికి పైగా తిరిగి వాడుకలోకి తెచ్చారు కనుక, మిగులు ముక్కలతో కట్టడమే ఈ నమూనాకు తగిన పని. మేము మొదటిసారి థర్మాకోల్‌తో మొదలుపెట్టాము. చెప్పులు అతికించే రబ్బరు జిగురు రాయగానే అది పంచదార పాకంలా కరిగి, రెండు పూటల పని గుంటలు పడి పోయింది. థర్మాకోల్ తప్పనిసరైతే తెల్లని ఫెవికాల్ మాత్రమే వాడండి.

ఫోటోలో నేలపైన కనిపించే అంతస్తులను లెక్కపెట్టి, అన్ని పలకలను వంపుల అంచులతో కత్తిరించుకోవాలి. ప్రతి పలక నడుమ, మెట్ల కోసం, చేతికి వేసుకునే ఒక గాజు పట్టేదాని కంటే కొంచెం పెద్ద రంధ్రం తీయాలి. లోపల అడ్డుగోడలు పెట్టకండి. అసలు భవనంలో కూడా ఉద్యోగులు ఒకరికొకరు కనబడాలని స్తంభాలను, గోడలను వీలైనంత తగ్గించారు.

ఇక మెట్లు. ఐదంతస్తులను కలుపుతూ ఓక్ కలపతో చేసిన ఈ మెట్ల వరుసను పైనుంచి చూస్తే ఒలింపిక్ వలయాలు ఒకదానిలో ఒకటి పెనవేసుకున్నట్లు కనిపిస్తుంది. దీనికి ఐదు ప్లాస్టిక్ గాజులు తీసుకోండి (మట్టిగాజులైతే దారిలోనే పగులుతాయి). తెల్ల చార్టును టీ డికాక్షన్‌లో ముంచి, నీడలో ఆరబెట్టి, సన్నని పట్టీలుగా కోసి గాజులకు చుడితే కలప రంగు వస్తుంది. ఒక్కో గాజును కింది దానికంటే అర అంగుళం పక్కకు జరుపుతూ కింది నుంచి పైకి వరుసగా అమర్చి, మధ్యలో చీపురుపుల్లల ముక్కలను మెట్లలా అతికించాలి. పైనుంచి తొంగిచూసినప్పుడు ఐదు వలయాలూ విడివిడిగా కనబడితే అమరిక కుదిరినట్లు. ఒకదాని కింద ఒకటి దాగిపోతే, జిగురు ఆరకముందే సరిచేసుకోవాలి.

అద్దాల గోడకు ఓహెచ్‌పీ షీట్లు (పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితాలు) రెండు పొరలుగా వాడాలి, ఎందుకంటే అసలు గోడ కూడా రెండు పొరలే. షీటుకు ఫెవికాల్ అంటదు. రెండువైపులా అంటుకునే టేపు వేయండి.

నీటి ఏర్పాటుకు మందుల షాపులో దొరికే సెలైన్ పైపు, పెద్ద సిరంజి కావాలి. పీఠం మీద ఒక పళ్లెం పెట్టి, నీటిలో రెండు చుక్కల నీలిమందు కలిపితే అదే సరస్సు. పైపు ఒక కొసను నీటిలో ముంచి, మిగతాదాన్ని కింది అంతస్తు పలక అడుగున చుట్టలు చుట్టి, రెండో కొసకు సిరంజి బిగించాలి. సిరంజి లాగినప్పుడు నీలిరంగు నీరు భవనం కిందికి పాకుతూ వస్తుంది. అసలు భవనంలో సరస్సు నీటిని తోడి, హీట్ పంపుల (వేడిని ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చే యంత్రాల) సాయంతో వేసవిలో చల్లదనానికి, శీతకాలంలో వెచ్చదనానికి వాడుకుంటారని అప్పుడు వివరించాలి. వాననీటిని నిల్వచేసి మరుగుదొడ్లకు వాడే సంగతి కూడా చెప్పవచ్చు.

పైకప్పును అతికించకూడదు. దాని మీద ముదురు నీలం కాగితంతో రెక్కలు చాచిన పావురం ఆకారాన్ని కత్తిరించి, తెల్ల జెల్ పెన్నుతో గళ్లు గీస్తే సౌరఫలకాలవుతాయి. ఆకాశం నుంచి చూస్తే అక్కడి ఫలకాలు పావురంలాగే కనిపిస్తాయి. వలయాల గుర్తు వేసేటప్పుడు పై వరుసలో ఎడమ నుంచి నీలం, నలుపు, ఎరుపు, కింద పసుపు, ఆకుపచ్చ రావాలి. ఈ వరుస తప్పితే న్యాయనిర్ణేతలు ముందుగా పట్టేది అదే.

వారు తప్పక అడిగే మరో ప్రశ్న, దీనికీ మన ప్రాంతానికీ సంబంధమేమిటని. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ అయ్యారు. మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌కు ఒలింపిక్స్‌లో చోటు దొరికింది కూడా ఆ ఏడాదే. ఏ క్రీడకు చోటివ్వాలో నిర్ణయించే కమిటీ ఇల్లు ఇదని పిల్లలు ఒక్క వాక్యంలో చెప్పగలగాలి.

ప్రదర్శన రోజున పళ్లేన్ని ఖాళీగా తీసుకెళ్లి నీళ్లు అక్కడే నింపండి. ఒక గాజు, కొంచెం టేపు, టీ రంగు పట్టీలు నాలుగు సంచిలో అదనంగా ఉంచుకోండి.