స్కాన్ రిపోర్టు చదవడం నేర్చుకుందాం – 3: కనిపించని మూత్రపిండం

పెద్దవారి మూత్రపిండం పొడవు సుమారు 9 నుంచి 12 సెంటీమీటర్లు ఉంటుందని గత పాఠంలో చూశాం. ఆ కొలత ఈసారి బాగా అక్కరకొస్తుంది.

పిత్తాశయంలో రాళ్లున్నాయేమోనని స్కాన్ చేయించుకున్న నలభై ఏళ్ల మనిషి రిపోర్టులో ఒక వాక్యం ఉంది: "ఎడమ మూత్రపిండం దాని స్థానంలో కనిపించలేదు." ఇది చదివిన రాత్రి ఇంటిల్లిపాదికీ నిద్ర పట్టదు. అందుకే ఈ ఒక్క వాక్యానికే పాఠమంతా కేటాయిస్తున్నాను.

పదం పదం చదవండి. "కనిపించలేదు" అన్నారే గాని "లేదు" అనలేదు. పైగా "దాని స్థానంలో" అన్నారు. గర్భంలో మూత్రపిండాలు ముందు కటి భాగంలో, అంటే పొత్తికడుపు అడుగున, ఏర్పడతాయి. ఆరో వారం నుంచి తొమ్మిదో వారం లోపు పైకి జరిగి నడుము దగ్గర కుదురుకుంటాయి. మధ్యలో ఆగినది పొత్తికడుపులోనే ఉండిపోతుంది. అవతలి వైపుకు దాటినది చాలాసార్లు రెండోదానితో అతుక్కుపోతుంది. అసలు ఏర్పడకపోవడం ఇంకొకటి. ఇవేవీ కాక, ఒకప్పుడు ఉన్న మూత్రపిండమే జబ్బుతో కుంచించుకుపోయి ఉండవచ్చు.

వీటిని వేరు చేయడానికి రిపోర్టులో ముందు రెండోవైపు కొలత వెతకండి. ఒంటరి మూత్రపిండం చిన్నప్పటి నుంచే రెండింటి పని మోస్తుంది కాబట్టి సాధారణంగా పెద్దదిగా పెరుగుతుంది. అది మామూలు పరిమాణంలోనే ఉందంటే, రెండోది ఎక్కడో ఉండి పనిచేస్తోందేమోనని అనుమానించాలి. అయితే చిన్నతనంలోనే ఒకటి పాడైనా రెండోది పెరుగుతుంది. కాబట్టి ఈ ఒక్క ఆధారంతో తీర్పు చెప్పకండి.

నాకు మరీ ఇష్టమైన ఆధారం అడ్రినల్ గ్రంథి. మామూలుగా ఇది మూత్రపిండం మీద టోపీలా ఒదిగి ఉంటుంది. మూత్రపిండం మొదటి నుంచీ ఆ చోట లేకపోతే, గ్రంథి చదునుగా, పొడవుగా సాగి పడుకున్నట్టు సి.టి. స్కాన్‌లో కనిపిస్తుంది. దాని ఆకారం మామూలుగానే ఉంటే, మూత్రపిండం అక్కడ ఒకప్పుడు ఉండేదన్నమాట. ఎక్కడో దాగి పనిచేస్తున్న మూత్రపిండాన్ని పట్టుకోవడానికి డి.ఎం.ఎస్.ఏ. అనే ఐసోటోపు స్కాన్ (కొద్దిపాటి రేడియోధార్మిక మందు ఎక్కించి తీసేది) ఉంది.

పుట్టుకతోనే లేదని తేలితే పక్క అవయవాలనూ చూడాలి, ఎందుకంటే గర్భంలో మూత్ర, జననేంద్రియాలు జంటగా పెరుగుతాయి. స్త్రీలలో గర్భాశయ నిర్మాణం తేడాగా ఉండవచ్చు. పురుషులలో అదే వైపు శుక్రాశయంలో (వీర్యంలోని ద్రవాన్ని తయారుచేసే సంచిలో) నీటితిత్తి ఉండవచ్చు. ఒకవైపు మూత్రపిండం లేకపోవడం, అదే వైపు ఈ నీటితిత్తి కలిసి ఉండడాన్ని, 1914లో దాన్ని వర్ణించిన జిన్నర్ పేరుతోనే ఇప్పటికీ పిలుస్తారు. వీర్య స్ఖలనంలో నొప్పి, సంతానలేమి ఉన్నవారిలో ఇది బయటపడుతుంది.

ఒక్కటే మూత్రపిండం ఉన్నవారు ఏటా రక్తపోటు, క్రియాటినిన్ (మూత్రపిండం పనితీరు తెలిపే రక్తపరీక్ష), మూత్రంలో ప్రోటీన్ చూపించుకోవాలి. నొప్పి మాత్రలు సొంతంగా వాడకూడదు. ఏ శస్త్రచికిత్సకు వెళ్లినా ఈ సంగతి ముందే చెప్పాలి.

అభ్యాసం: ఒక రిపోర్టులో ఇలా ఉంది. "కుడి మూత్రపిండం దాని స్థానంలో కనిపించలేదు. ఎడమది 10.4 సెంటీమీటర్లు. పొత్తికడుపులో 8 సెంటీమీటర్ల గడ్డ ఉంది, రక్తప్రసరణ బాగుంది." ఆ గడ్డను తీసేయాలని ఎవరైనా సలహా ఇస్తే, అంతకు ముందు మీరు వైద్యుణ్ణి అడగవలసిన ప్రశ్న ఏది? రాసి ఉంచుకోండి, నాలుగో పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.