16వ శతాబ్దపు లినెన్ చొక్కా: చంక గస్సెట్ ముడత పడకుండా కుట్టడం ఎలా?

16వ శతాబ్దపు యూరప్ దుస్తులు కుట్టాలనుకునేవాళ్లు చాలామంది నేరుగా పైకోటు మీద పడతారు. ముందు కుట్టాల్సింది లోపలి లినెన్ చొక్కా. ఉన్ని, పట్టు పైబట్టలకు చెమట అంటకుండా కాపాడుతూ మాటిమాటికీ ఉతుకుడు పడింది ఇదే.

ఛాతీ 100 సెం.మీ. ఉన్నవారికి 150 సెం.మీ. పన్నా ఉన్న తెల్ల లినెన్ 2.3 మీటర్లు చాలు. వేడినీళ్లలో ఉతికాకే కత్తెర పట్టాలి. లినెన్ దారం, తేనెమైనం, సన్న సూది తీసుకోండి. పాలిస్టర్ కలిసిన బట్ట, మిషన్ కుట్టు రెండూ వద్దు.

బట్టలోంచి ఒక పోగు లాగితే గీత పడుతుంది. దాని వెంటే కత్తిరించండి. ఒంటికి 75×202 సెం.మీ. ముక్క ఒకటి, చేతులకు 52 వెడల్పు, 57 పొడవు ముక్కలు రెండు, గస్సెట్లు (చంక కింద అతికే చదరపు ముక్కలు) 14×14 రెండు, కాలర్ 42×12, కఫ్‌లు 24×10 రెండు. ఈ కొలతల్లోనే అంతటా 1 సెం.మీ. మార్జిన్ (కుట్టుకు వదిలే అంచు) కలిసి ఉంది.

ఒంటి ముక్కను భుజం దగ్గర సగానికి మడిచి, మడత మీద మధ్యలో 36 సెం.మీ., ఆ కోత మధ్య నుంచి ముందువైపు 25 సెం.మీ. కోసి, అంచులు సన్నగా మడిచి, మెడ అంచుకు కుచ్చు పోసి కాలర్‌లో బిగించండి. కాలర్ మీద నల్ల పట్టుదారంతో హోల్బైన్ కుట్టు (రెండు వైపులా ఒకేలా కనిపించే గీతల ఎంబ్రాయిడరీ) వేయాలంటే బిగించకముందే వేయాలి.

ఇక గస్సెట్. పని చెడేది ఇక్కడే. దీనికి భయపడి కొందరు నేటి చొక్కాలా చంక గుండ్రంగా కోసేస్తారు. అది తప్పు. ఇంత వదులు చొక్కాకు గుండ్రటి చంక పెడితే చెయ్యి ఎత్తినప్పుడల్లా చొక్కా మొత్తం పైకి లేస్తుంది. చదరపు గస్సెట్ చంక కింద ఐమూలగా కూర్చుని, ఆ దిశలో సాగి చేతికి చోటిస్తుంది. అందుకే గస్సెట్‌ను పోగు వెంట నిలువుగానే కత్తిరించాలి. ఐమూలగా కోస్తే అంచులే సాగి చంక వేలాడుతుంది.

గస్సెట్ నాలుగు మూలల్లో, అంచుల నుంచి 1 సెం.మీ. లోపల పెన్సిల్ చుక్క పెట్టండి. చేతి ముక్క పక్క అంచులు రెండింటి మీదా పైనుంచి 1 సెం.మీ., 13 సెం.మీ. దగ్గర చుక్కలు పెట్టండి. గస్సెట్ ఒక పక్కను చేతి ముందు అంచుకు, దాని పక్కనున్న పక్కను వెనక అంచుకు బ్యాక్‌స్టిచ్‌తో (సూదిని ప్రతిసారీ కాస్త వెనక్కి దించి ముందుకు తీసే కుట్టు) కలపండి. రెండు కుట్లూ కింది చుక్క దగ్గరే ఆగాలి. చేతి కింది కుట్టు ఆ చుక్క నుంచే మొదలై, మణికట్టుకు 8 సెం.మీ. ముందు ఆగాలి. చుక్క దాటి ఒక్క కుట్టు మార్జిన్‌లోకి వెళ్లినా ముడత పడుతుంది. ఒక్కటి తక్కువైతే చిల్లు. రెండిట్లో ఏది కనిపించినా నాలుగు కుట్లు విప్పి మళ్లీ వేయాలి. ఇస్త్రీతో పోదు.

తర్వాత మార్జిన్లు. గస్సెట్ మార్జిన్‌ను చేతి వైపుకి పరిచి, కింద ఉన్న చేతి మార్జిన్‌ను సగానికి కత్తిరించి, పైదాన్ని దాని మీదుగా మడిచి హెమ్మింగ్ చేయాలి. చేతి కింది కుట్టు ముందువైపుకి మడిస్తే, వెనక ముక్క మార్జిన్ చుక్క దగ్గర పట్టేస్తుంది. అక్కడ మాత్రమే ఒక కోత పెట్టండి, చుక్కకు ఒక్క పోగు ఇవతల ఆపండి. గస్సెట్ మూల దాన్ని కప్పేస్తుంది.

ఇప్పుడు చేతి పై అంచు, గస్సెట్ మిగిలిన రెండు పక్కలు ఒకే వరసలోకి వస్తాయి. భుజం మడత నుంచి ముందుకీ వెనక్కీ 37 సెం.మీ. చొప్పున ఒంటికి తిన్నగా కుట్టండి. గస్సెట్ చివరి చుక్క దగ్గర మళ్లీ అదే జాగ్రత్త. అక్కడి నుంచి పక్క కుట్టు దిగి, కింది అంచుకు 20 సెం.మీ. ముందు ఆగాలి.

మణికట్టు దగ్గర కుచ్చు పోసి కఫ్ బిగించి, పక్క చీలికల అంచులు, కింది అంచు మడిచి కుట్టేయండి.