చామొమైల్ టీకి వాసన రావట్లేదా, చేదెక్కుతోందా? ముందు పువ్వును పరీక్షించి చూడండి

చామొమైల్ అనే చిన్న పువ్వును ఎండబెట్టి కాచే ఈ టీ సరిగ్గా కుదిరితే లేత బంగారు రంగులో ఉంటుంది. కప్పు మీద మూత తియ్యగానే పండిన యాపిల్ వాసన ముక్కుకు తగులుతుంది. రుచి మెత్తగా ఉండి, చివర్లో చేదు తగిలీ తగలనట్టు ఉంటుంది. ఇందులో ఏది తేడా వచ్చినా చాలామంది నీళ్ల వేడి మారుస్తారు, నానబెట్టే సమయం మారుస్తారు, చివరికి తేనె పెంచుతారు. సీసా మూత తీసి ఎండు పూల వాసన మాత్రం చూడరు. దయచేసి అన్నింటికంటే ముందు ఆ పని చెయ్యండి.

చెంచాడు పూలు అరచేతిలో వేసుకుని బొటనవేలితో నలపండి. యాపిల్ వాసన వస్తే పూలు బాగానే ఉన్నాయి, తేడా కాచే తీరులో ఉంది. పాత కాగితం వాసనో, ఉత్త గడ్డి వాసనో వస్తే పూలు పాతబడిపోయాయి, వాటినిక ఎలా కాచినా లాభం లేదు. ఘాటుగా, పసరు కలిసిన పూలదండ వాసన వస్తే మాత్రం మీ దగ్గరున్నది చామొమైలే కాదు.

యాపిల్ వాసన లేదు, పసరు రుచి, చేదు

తెలుగులో ఈ టీకి "చామంతి టీ" అన్న పేరు స్థిరపడిపోయింది. చిక్కంతా అక్కడే. మనం చామంతి అనేది క్రిసాంథిమమ్‌ని. చామొమైల్ వేరే మొక్క. రెండూ ఒకే కుటుంబానివి, పూల పోలిక కూడా కొంత ఉంది, అంతకుమించి సంబంధం లేదు. చామంతితో కాచే టీ చైనాలో ఎప్పటినుంచో ఉంది. దానికి వాడేది క్రిసాంథిమమ్ మోరిఫోలియం పూలు. అదీ మంచి పానీయమే, కానీ దాని రుచి వేరు, అందులో యాపిల్ వాసన ఉండదు. గ్రీకులో చామొమైల్ అన్న మాటకు అర్థమే "నేల యాపిల్". స్పెయిన్‌లో దీన్ని మంజానిల్లా, అంటే చిన్న యాపిల్ అంటారు. ఆ వాసన రాని పువ్వుకు ఆ పేరు చెల్లదు.

ఈ పేరు వల్ల పొరపాటు రెండు రకాలుగా జరుగుతుంది. మొదటిది, "చామంతి టీ" అని వెతికి కొన్న ప్యాకెట్లో నిజంగానే చామంతి పూలు రావడం. దీనివల్ల డబ్బు పోవడం, రుచి తేడా రావడం తప్ప పెద్ద నష్టం లేదు. రెండోది ప్రమాదం: పూజకు తెచ్చిన చామంతులు ఎండబెట్టి కాచుకోవడం. హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో కొన్నా, మీ వీధి చివర పూలకొట్టులో కొన్నా, ఆ పూలు దండకూ పూజకూ పండించినవి, తినడానికి కాదు. వాటి మీద కొట్టే పురుగుమందుల్లో కొన్ని మొక్క లోపలికే ఇంకుతాయి. కడిగినా, ఉప్పునీళ్లలో నానబెట్టినా అవి పోవు. ఆ పూలతో టీ వద్దే వద్దు.

తేడా కనిపెట్టడానికి ఒక బ్లేడు చాలు. రేకులు కిందికి వాలిపోయి, మధ్య పసుపు గుబ్బ పైకి పొడుచుకొచ్చిన పువ్వునొకదాన్ని ఏరండి. పూర్తిగా విచ్చని పువ్వు ఈ పరీక్షకు పనికిరాదు. గుబ్బను పైనుంచి తొడిమ దాకా నిలువుగా చీల్చి వెలుతురులో పెట్టి చూడండి. అసలైన చామొమైల్ అయితే గుబ్బ లోపల డొల్లగా, చిన్న గుడారంలా ఉంటుంది. చామంతిలో ఆ చోటు గట్టిగా, నిండుగా ఉంటుంది. పైకి చూసినా కొంత తెలుస్తుంది. ఎండిన చామొమైల్ గుబ్బ బఠాణీ గింజంత, చుట్టూ ఒకే వరస తెల్ల రేకులు. ఎండు చామంతి వెడల్పుగా, బల్లపరుపుగా, వరస మీద వరస రేకులతో ఉంటుంది.

టీ బ్యాగుల్లో పువ్వు నలిగి ఉంటుంది కాబట్టి ఈ పరీక్ష కుదరదు. పెట్టె మీద శాస్త్రీయ నామం చదవండి. మెట్రికేరియా కమోమిల్లా అని ఉన్నా, మెట్రికేరియా రెక్యుటీటా అని ఉన్నా ఒకటే మొక్క, రెండూ సరైనవే. క్రిసాంథిమమ్ అని ఉంటే అది చామంతి. రోమన్ చామొమైల్ అని ఇంకొకటుంది. దాని గుబ్బ డొల్లగా ఉండదు, చేదు కాస్త ఎక్కువ, తాగడానికి మాత్రం పనికొస్తుంది.

పూలు మంచివే, కప్పులో వాసన లేదు

మూత పెట్టలేదు. పదింట తొమ్మిదిసార్లు ఇదే కారణం. ఈ పూల వాసనంతా ఆవిరితో ఎగిరిపోయే నూనెలో ఉంటుంది. ఇల్లంతా ఘుమఘుమలాడిందంటే కప్పులో ఏమీ మిగల్లేదన్నమాట.

200 మి.లీ. నీళ్లకు 2 గ్రాముల పూలు, అంటే గుట్టగా రెండు టీస్పూన్లు వెయ్యండి. పూలు తేలిక కాబట్టి ఒక్క చెంచా సరిపోదు. నీళ్లు మరిగాక స్టవ్ కట్టేసి, కప్పులోని పూల మీద పోసి, వెంటనే సాసరు బోర్లించండి. 5 నుంచి 7 నిమిషాలు కదపకండి. తీసేటప్పుడు సాసరు అడుగున పట్టిన చుక్కల్ని కప్పులోకే వంచండి. ఆ చుక్కల వాసన చూస్తే మూత ఎందుకో అర్థమవుతుంది. టీ బ్యాగులో సాధారణంగా ఒకటి, ఒకటిన్నర గ్రాములే ఉంటుంది. పెద్ద మగ్గుకు రెండు వెయ్యండి.

పూలు మంచివే, అయినా చేదు

పాలటీ అలవాటులో పూలను గిన్నెలో వేసి మరిగించి ఉంటారు. టీపొడికి ఆ పద్ధతి సరే, ఈ పువ్వుకు మాత్రం మంట తగలకూడదు. 10 నిమిషాలు దాటి నానినా, వడకట్టేటప్పుడు చెంచాతో అదిమి పిండినా చేదు దిగుతుంది. టీ పలుచగా అనిపిస్తే పూలు పెంచండి, సమయం పెంచకండి. పాలు వద్దు, ఉన్న కాస్త వాసననూ కప్పేస్తాయి.

రంగు ముదురుగా, మడ్డిగా

బోరు నీళ్లు. లవణాలు ఎక్కువున్న ఇలాంటి గట్టి నీళ్లు మరిగేకొద్దీ క్షారగుణం పెరుగుతుంది, దాంతో పువ్వు రంగు ముదురుతుంది, రుచి చప్పబడుతుంది. కప్పులో రెండు చుక్కల నిమ్మరసం పిండి చూడండి. రంగు తేలికపడితే తేడా నీళ్లదే. తాగే ఫిల్టరు నీళ్లు వాడండి, ఒకసారి కాచి చల్లారినవి మళ్లీ కాచకండి.

తాగాక నోరు దురద, పెదవుల వాపు

ఇది కాచడంలో లోపం కాదు, ఎలర్జీ. వెంటనే మానేసి డాక్టరుకు చూపించండి. ఊపిరి ఆడనట్టు అనిపిస్తే ఆసుపత్రికి వెళ్లడంలో ఆలస్యం వద్దు. చామంతి, బంతి, వయ్యారిభామ పడనివాళ్లకు ఇదీ పడకపోవచ్చు, అన్నీ ఒకే కుటుంబం. రక్తం పలుచబడే మందు వార్ఫరిన్ వాడేవాళ్లు, గర్భిణులు డాక్టరును అడక్కుండా మొదలుపెట్టవద్దు.

అడుగున పసుపు నలుసు చేరడం, జాలికి అల్లం టీ వాసన పట్టడం, కెటిల్లో తెల్ల పొర కట్టడం లాంటివి చిన్న చిక్కులే. జాలి మార్చి, కెటిల్ కడిగితే సరిపోతుంది.

పూలను గాజు సీసాలో, గాలి చొరకుండా, స్టవ్‌కూ పోపులపెట్టెకూ దూరంగా పెట్టండి. ఉత్తరాదిలో ఈ పంట ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కోతకొస్తుంది. అందుకే కొనేటప్పుడు ప్యాక్ చేసిన తేదీ చూసి, ఏడాది దాటినది పక్కన పెట్టెయ్యండి.