నోట్స్ ఏ గ్రూపులో ఉన్నాయన్నా?

సంక్రాంతి ముందు రాత్రి మా పేమెంట్ సర్వీస్ ఆగిపోయింది. వరసలో ఉన్న చెల్లింపులు, అంటే క్యూ, కదలడం లేదు. బాగు చేయడం తెలిసినవాడు ఒక్కడే, అతనేమో గుంటూరు రైల్లో ఉన్నాడు. బండి నంద్యాల దాటి నల్లమలలోకి వెళ్లింది, ఫోన్ కలవలేదు. ఏం చేయాలో ఎప్పుడో వాట్సాప్‌లో పెట్టాడని అందరికీ తెలుసు. ఏ గ్రూపులో పెట్టాడో ఎవరికీ గుర్తులేదు. బెంగళూరు మారతహళ్లిలో మా పీజీ మెట్ల మీద కూర్చుని రెండేళ్ల చాట్ వెతికాను. గంటన్నర పట్టింది. దొరికాక మూడు నిమిషాల పని.

పండగ అయ్యాక మేం ఆరుగురం నోట్స్ మొత్తం కోడ్ ఉన్న గిట్ రెపోలోకే తెచ్చేశాం. గిట్ అంటే ఫైళ్లలో ప్రతి మార్పునూ గుర్తుపెట్టుకునే టూల్, రెపో అంటే అది చూసుకునే ఫోల్డర్. డాక్స్ అని ఒక ఫోల్డర్, అందులో మార్క్‌డౌన్ (చిన్న గుర్తులతో హెడింగ్‌లు, లిస్టులు రాసుకునే మామూలు టెక్స్ట్) ఫైళ్లు. విడిగా వికీ (అందరూ రాయగలిగే వెబ్ పేజీలు) పెడదామని ఒకరన్నారు, నేను ఒప్పుకోలేదు. కోడ్ మారిన రోజు వికీ ఎవరు తెరుస్తారు? రెపోలో ఉంటే కోడ్ మార్పును కలపమని పెట్టే పుల్ రిక్వెస్ట్‌లోనే నోట్ కూడా మార్చొచ్చు. మార్చకపోతే రివ్యూలో "నోట్ ఏదన్నా?" అని అడుగుతాం. అది వచ్చేదాకా మెర్జ్ చేయం, అంటే ఆ మార్పును కలపం.

మొదట్లో ఒకటే పెద్ద ఫైలు పెట్టి చేతులు కాల్చుకున్నాం. అందరూ దాని చివరే రాస్తారు, అందుకని రోజూ కాన్‌ఫ్లిక్ట్, అంటే ఇద్దరి మార్పుల్లో ఏది ఉంచాలో తెలియక గిట్ ఆగిపోవడం. ఇప్పుడు ఒక్కో విషయానికి ఒక్కో ఫైలు. పేరు కూడా సమస్య పేరే: "పేమెంట్ క్యూ ఆగితే". "ముఖ్యమైన విషయాలు" అని పేరు పెడితే ఆ ఫైలు ఎవరూ తెరవరు.

ఇంకోటి, వాక్యం అయిపోగానే ఎంటర్ కొట్టండి. గిట్ తేడాలను లైన్ల లెక్కన చూస్తుంది. పేరా మొత్తం ఒకే లైనుగా ఉంటే, ఒక్క మాట మార్చినా పేరా అంతా మారినట్టు చూపిస్తుంది. అదే పేరాను ఇద్దరు ముట్టుకుంటే గొడవే. వాక్యానికో లైను ఉంటే ఏం మారిందో కంటికి కనపడుతుంది. మార్క్‌డౌన్‌లో మామూలుగా ఆ లైన్లన్నీ కలిసి పేరాగానే కనిపిస్తాయి కాబట్టి చదివేవాళ్లకు ఇబ్బంది లేదు.

రోజువారీ డైరీలాంటి ఫైలు ఒకటి తప్పదు. దానికి మాత్రం, ఏ ఫైలును ఎలా చూడాలో గిట్‌కు చెప్పే గిట్‌యాట్రిబ్యూట్స్ ఫైల్లో, ఆ ఫైలు పేరు పక్కన మెర్జ్ ఈక్వల్స్ యూనియన్ (merge=union) అని పెట్టుకోండి. ఇద్దరు రాసిన లైన్లనూ ఉంచేస్తుంది, కాన్‌ఫ్లిక్ట్ అని ఆపదు. వరస మాత్రం అటూ ఇటూ అవుతుంది. అందుకే స్టెప్పులున్న ఫైళ్లకు ఇది పెట్టొద్దు. మేం పెట్టాం. "సర్వీస్ ఆపు" కన్నా ముందు "క్యూ ఖాళీ చేయి" వచ్చి కూర్చుంది. రివ్యూలో పట్టుకున్నాం కాబట్టి బతికిపోయాం.

ఒక పని ఎందుకు అలా చేశామో కూడా రాసుకోవాలి. సాఫ్ట్‌వేర్ రచయిత మైకేల్ నైగార్డ్ 2011లో చెప్పిన పద్ధతి మాకు బాగా కుదిరింది: సందర్భం, నిర్ణయం, దాని పర్యవసానాలు. ఒకటి రెండు పేజీలు దాటనివ్వం. నిర్ణయం మారితే పాతది చెరపం, "దీని బదులు ఫలానాది" అని పైన రాసి కొత్త ఫైలు పెడతాం. పోయిన నెల చేరిన అనంతపురం అమ్మాయి "మీరు కాఫ్కా ఎందుకు వాడలేదు?" అని నన్నడగలేదు (కాఫ్కా అంటే భారీగా వచ్చే మెసేజ్‌లను మోసే సాఫ్ట్‌వేర్). ఆ నిర్ణయం ఫైలు చదువుకుని వచ్చి, "అప్పుడు రోజుకు 2,000 ఆర్డర్లేగా అన్నా, ఇప్పుడు అంతే ఉన్నాయా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

పాస్‌వర్డ్‌లు, టోకెన్లు (పాస్‌వర్డ్‌లా పనిచేసే కీలు) మాత్రం నోట్స్‌లో రాయకండి. తర్వాతి కమిట్‌లో (గిట్‌లో భద్రపరిచే ఒక్కో మార్పు) తీసేసినా పాత కమిట్‌లో అలాగే ఉంటాయి. పొరపాటున పుష్ అయి అందరి రెపోలోకి వెళ్తే ముందు ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోండి, చరిత్ర శుభ్రం చేయడం తర్వాత చూసుకోవచ్చు.

నోట్స్‌లో మాట వెతకడానికి గిట్ గ్రెప్ అనే కమాండ్ చాలు. ఎవరో తీసేసిన లైను కావాలంటే మార్పుల చరిత్ర చూపే గిట్ లాగ్‌కు హైఫన్, పెద్ద ఎస్ పెట్టి (git log -S), పక్కన ఆ మాట ఇవ్వండి. అది ఎప్పుడు చేరిందో, ఎప్పుడు పోయిందో ఆ కమిట్లు బయటపడతాయి. ఆ రాత్రి మెట్ల మీద నాకు కావాల్సింది ఇదే.