కారు వాటర్ పంపు వేగం మన చేతిలో – రెండో భాగం: బోర్డు ఆగినా పంపు ఆగకూడదు

మొదటి భాగంలో పంపును బకెట్లో పెట్టి నేరుగా బ్యాటరీకి తగిలించాం. ఎన్ని ఆంపియర్లు లాగుతోంది, నిమిషానికి ఎన్ని లీటర్లు తోస్తోంది అని కాగితం మీద రాసుకున్నాం. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, ఈసారి దానితో పని ఉంది. ఈ భాగంలో రెండు వైర్ల బ్రష్ మోటార్ పంపుకు వేగం తగ్గించే సర్క్యూట్ కట్టి, కూలెంట్ వేడిని బట్టి ఆ వేగం తనంతట తానే మారేలా చేద్దాం. మీ పంపుకు మూడో నాలుగో వైర్లు ఉన్నాయంటే అది దాదాపుగా బ్రష్‌లెస్ రకం, దానికి ఈ సర్క్యూట్ పెట్టకండి. దాని ఎలక్ట్రానిక్స్ లోపలే ఉంటాయి, బయట నుంచి పవర్ వైరును ఆపుతూ వదులుతూ ఇస్తే పాడవుతాయి. వాటి సంగతి మూడో భాగంలో చెప్తాను.

ముందు అసలు ఎంత నీరు కావాలో లెక్క వేద్దాం, ఎందుకంటే ఈ లెక్క వేయకుండా డ్యూటీ (ఎంత శాతం సేపు పంపుకు కరెంటు ఇవ్వాలి అనే) అంకెలు పెట్టుకుంటే అది గాల్లో మేడ కట్టినట్టే. ఒక కిలో నీరు ఒక డిగ్రీ వేడెక్కాలంటే 4.18 కిలోజౌళ్లు కావాలి. ఇంజన్ నుంచి కూలెంట్‌లోకి 30 కిలోవాట్ల వేడి వస్తోంది, రేడియేటర్‌లోకి వెళ్లే నీటికీ బయటికొచ్చే నీటికీ 10 డిగ్రీల తేడా చాలు అనుకుంటే, సెకనుకు 0.72 కిలోలు, అంటే నిమిషానికి 43 లీటర్లు కావాలి. అదే ఇంజన్ అమీర్‌పేట ట్రాఫిక్‌లో నిలబడి 8 కిలోవాట్లే వదులుతుంటే పదకొండున్నర లీటర్లు చాలు. నీటిలో గ్లైకాల్ అనే కూలెంట్ ద్రవం కలిపితే ఇంకొంచెం ఎక్కువ కావాలి. బెల్టు పంపుకు ఈ తేడా తెలియదు, దానికి తెలిసింది ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోందనేది మాత్రమే. 2004లో బీఎమ్‌డబ్ల్యూ ఎన్52 ఇంజన్‌కు కరెంటు వాటర్ పంపు పెట్టింది, 2009లో వచ్చిన మూడో తరం టొయోటా ప్రియస్ ఇంజన్‌కైతే అలాంటి బెల్టే లేకుండా తీసేశారు.

ఇంకో మంచి విషయం ఉంది. ఇలాంటి పంపులో వేగం సగానికి తగ్గిస్తే నీళ్లు సగానికి తగ్గుతాయి, కానీ నీటిని తోయడానికి అయ్యే శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. మోటార్ లోపలి నష్టాలు ఉంటాయి కాబట్టి మీటర్‌లో సరిగ్గా ఎనిమిదో వంతు కనబడదు, అయినా తగ్గుదల బాగా తెలుస్తుంది.

మరి వేగం తగ్గించాలంటే ఒక రెసిస్టర్ పెడితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. పని చేస్తుంది, కానీ 5 ఆంపియర్లు పోతున్న చోట 6 వోల్టులు తగ్గించాలంటే ఆ రెసిస్టర్ 30 వాట్ల వేడిని అక్కడే కక్కుతుంది, అదీ ముందే కాలిపోతున్న బానెట్ కింద. అందుకే పీడబ్ల్యూఎం. అంటే కరెంటును తగ్గించడం కాదు, సెకనుకు కొన్ని వందల సార్లు ఇచ్చి ఆపడం. ఆర్డుయినో ఊనో అనే చిన్న ప్రోగ్రాం బోర్డులో చాలా పిన్నుల మీద ఇది సెకనుకు 490 సార్లు జరుగుతుంది, ఒక్కో విడత సుమారు 2 మిల్లీసెకన్లు. 60 శాతం డ్యూటీ అంటే అందులో 1.2 మిల్లీసెకన్లు ఆన్, మిగతాది ఆఫ్.

ఇప్పుడు సర్క్యూట్, కాస్త నిదానంగా చదవండి. పంపు ప్లస్ వైరు ఫ్యూజ్, రిలే గుండా బ్యాటరీకి వెళ్తుంది. పంపు 8 ఆంపియర్లు లాగేదైతే 15 ఆంపియర్ల ఫ్యూజ్, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వాడండి. పంపు మైనస్ వైరు ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్ మోస్‌ఫెట్ (గేట్, డ్రెయిన్, సోర్స్ అనే మూడు కాళ్లున్న ఎలక్ట్రానిక్ స్విచ్) డ్రెయిన్‌కు, సోర్స్ నేరుగా బ్యాటరీ మైనస్‌కు. పంపు రెండు వైర్ల మధ్య ఒక షాట్కీ డయోడ్, ఎంబీఆర్1045 లాంటిది, గీత ఉన్న వైపు ప్లస్‌కు. మోస్‌ఫెట్ ఆఫ్ అయిన క్షణంలో మోటార్ చుట్టల్లోని కరెంటు ఠక్కున ఆగదు, దానికి తిరిగి వెళ్లే దారి ఈ డయోడే, ఇది లేకపోతే మోస్‌ఫెట్ మొదటి నిమిషంలోనే పోవచ్చు. ఇంట్లో ఉంది కదా అని 1ఎన్4007 పెట్టకండి, అది ఒక ఆంపియర్ డయోడ్, పైగా నెమ్మది.

గేట్ దగ్గరే అసలు పాఠం. మోటార్ కంట్రోల్ నేర్పే పాఠాలన్నీ గేట్ నుంచి గ్రౌండ్‌కు 10 కిలోఓమ్‌లు పెట్టమంటాయి, ఆర్డుయినో పని చేయకపోతే మోటార్ ఆగిపోవాలని. బొమ్మ కారుకు, ఫ్యానుకు అది సరైన పద్ధతే. ఇంజన్ చల్లబరిచే పంపుకు అది ప్రమాదం. హైవే మీద బోర్డు పోతే పంపు ఆగుతుంది, హెడ్ గ్యాస్కెట్ పోతుంది, అదృష్టం బాగాలేకపోతే హెడ్డే వంగుతుంది. మనకు కావలసింది దీనికి పూర్తిగా తిరగేసింది: బోర్డు పోయినా, వైరు ఊడినా, ప్రోగ్రాం ఇరుక్కుపోయినా పంపు ఫుల్ స్పీడులో తిరగాలి. అందుకని గేట్‌ను ఒక 1 కిలోఓమ్ రెసిస్టర్‌తో రిలే తర్వాతి 12 వోల్టుల ప్లస్‌కు కట్టండి. గేట్‌కూ సోర్స్‌కూ మధ్య 15 వోల్టుల జీనర్ (వోల్టేజ్‌ను అంతకు మించి పెరగనివ్వని డయోడ్) పెట్టండి, ఎందుకంటే ఈ మోస్‌ఫెట్ గేట్ 20 వోల్టులకు మించి తట్టుకోదు. ఆ గేట్‌ను కిందికి లాగడానికి ఒక బీసీ547 ట్రాన్సిస్టర్: కలెక్టర్ గేట్‌కు, ఎమిటర్ గ్రౌండ్‌కు, బేస్ 2.2 కిలోఓమ్‌ల గుండా ఆర్డుయినో పిన్నుకు, బేస్ నుంచి గ్రౌండ్‌కు ఇంకో 10 కిలోఓమ్‌లు. ఇప్పుడు ఆర్డుయినో పని పంపును నడపడం కాదు, నడుస్తున్న పంపును కాసేపు ఆపడం. ఆర్డుయినో చచ్చిపోతే ఆపేవాళ్లుండరు, పంపు నడుస్తూనే ఉంటుంది. ప్రోగ్రాంలో మాత్రం లెక్క తిరగబడుతుంది, ఆర్డుయినోలో పూర్తి డ్యూటీ అంటే 255, మీకు కావలసిన వేగాన్ని అందులోంచి తీసేసి పిన్నుకు ఇవ్వాలి.

ఇందులో ఇంకో లాభం ఉంది, గేట్‌కు పూర్తి 12 వోల్టులు అందుతాయి కాబట్టి మోస్‌ఫెట్ బాగా తెరుచుకుంటుంది. ఫుల్ స్పీడులో పెట్టి, మల్టీమీటర్‌ను డ్రెయిన్‌కూ సోర్స్‌కూ మధ్య పెట్టి చూడండి. 8 ఆంపియర్ల దగ్గర సుమారు 0.14 వోల్టులు కనబడాలి, వేడెక్కాక ఇంకొంచెం పెరుగుతుంది. అర వోల్టు దాటుతోందంటే ఆ మోస్‌ఫెట్ నకిలీదైనా అయ్యుండాలి, లేదా గేట్‌కు వోల్టేజ్ సరిగ్గా అందడం లేదు. కోఠి గుజరాతీ గల్లీలో ఈ సామానంతా దొరుకుతుంది, నకిలీ మోస్‌ఫెట్లు మాత్రం ఎక్కడైనా తగులుతాయి, అందుకే ఈ కొలత వదలకండి. చిన్న హీట్‌సింక్ తప్పనిసరి.

490 దగ్గర పంపు కుయ్ మని సన్నగా మోగుతుంది. ఆ చప్పుడు చెవికి వినబడకుండా పోవాలని ఫ్రీక్వెన్సీని 25 వేలకు పెంచాలనిపిస్తుంది, పైన చెప్పిన సర్క్యూట్‌తో ఆ పని చేయకండి. 1 కిలోఓమ్ గుండా గేట్ నిండడానికి కొన్ని మైక్రోసెకన్లు పడుతుంది, 25 వేల దగ్గర ఒక్కో విడతే 40 మైక్రోసెకన్లు, మోస్‌ఫెట్ సగం తెరుచుకున్న స్థితిలోనే చాలా సమయం గడిపి కాలిపోతుంది. నిశ్శబ్దం కావాలంటే వేరే గేట్ డ్రైవర్ ఐసీ కావాలి. నా మాట వింటే ఇంజన్ చప్పుడులో ఆ కుయ్ వినబడదు, వదిలేయండి.

కారు కరెంటు బల్ల మీది కరెంటు లాంటిది కాదు. ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 దాకా ఉంటుంది, ఆల్టర్నేటర్ చార్జ్ చేస్తుండగా బ్యాటరీ టెర్మినల్ వదులైతే ఒక్క క్షణం పదుల వోల్టులు ఎగబాకుతుంది. ప్లస్‌కూ గ్రౌండ్‌కూ మధ్య ఎస్ఎమ్‌సీజే24ఏ అనే టీవీఎస్ డయోడ్ పెడితే అది 39 వోల్టుల దగ్గర పట్టి ఆపుతుంది, మన మోస్‌ఫెట్ 55 దాకా ఓర్చుకుంటుంది.

ఇక వేడి కొలవడం. చాలా కార్లలో ఉండే బాష్ రకం కూలెంట్ సెన్సర్ 20 డిగ్రీల దగ్గర 2500 ఓమ్‌లు, 60 దగ్గర 596, 80 దగ్గర 323, 100 దగ్గర 187 చూపిస్తుంది. 5 వోల్టుల నుంచి 1 కిలోఓమ్ గుండా దానికి కట్టి, మధ్య బిందువును ఆర్డుయినో అనలాగ్ పిన్నుకు ఇస్తే 20 డిగ్రీలకు 731, 60కి 382, 80కి 250, 100కి 161 వస్తాయి. వేడి పెరిగితే అంకె తగ్గుతుందని గుర్తుంచుకోండి. మీ సెన్సర్ ఈ రకమేనా అని తేల్చుకోవడానికి స్టవ్ మీద గిన్నెలో నీళ్లు మరిగించి అందులో కొసను ముంచండి, కనెక్టర్ వైపు తడవకూడదు. 200 ఓమ్‌ల లోపు రావాలి. హైదరాబాద్ ఎత్తు మీద ఉంది కాబట్టి అక్కడ నీళ్లు 98 దగ్గరే మరుగుతాయి, సముద్రం పక్కన వైజాగ్‌లో ఉన్నవాళ్లకు 187కు ఇంకా దగ్గరగా వస్తుంది. సెన్సర్‌ను ఇంజన్ హెడ్ నుంచి వేడి నీరు బయటికొచ్చే చోటే పెట్టాలి.

అంకె 1000 దాటిందా, వైరు తెగింది. 60 కంటే తగ్గిందా, వైరు షార్ట్ అయింది. రెండింటిలో ఏదైనా సరే, పంపు ఫుల్, రేడియేటర్ ఫ్యాన్ ఆన్.

వేగం లెక్క మొదట సాదాగా పెట్టుకోండి: 60 డిగ్రీల లోపు కనీస వేగం, 60 నుంచి 80 వరకు మెల్లగా సగానికి, 80 నుంచి 95 వరకు సగం నుంచి పూర్తికి, 95 దాటితే పూర్తి వేగం. కనీస వేగం సున్నా కాకూడదు. నీరు కదలకపోతే ఎగ్జాస్ట్ పోర్టుల చుట్టూ ఆవిరి పుడుతుంది, సెన్సర్ ఉన్న చోట మాత్రం నీరు చల్లగానే ఉంటుంది, మీ ప్రోగ్రాం అంతా బాగుందనుకుంటుంది. కనీసం ఎంతో కనుక్కోవడానికి డ్యూటీని మెల్లగా తగ్గిస్తూ పోండి, పంపు ఎక్కడ ఆగిందో చూసి, దానికి 10 శాతం కలపండి. ఆగి ఉన్న పంపు ఆ డ్యూటీతో కదలకపోవచ్చు, అందుకే స్టార్ట్ చేసినప్పుడల్లా మొదటి 2 సెకన్లు పూర్తిగా ఇచ్చి తర్వాత తగ్గించండి. ఈ కొలత బకెట్లో ఒకసారి, రేడియేటర్, హోస్ పైపులు అన్నీ తగిలించాక ఇంకోసారి చేయాలి. పాత థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచి మూసేది) అలాగే ఉంచేస్తే అదీ మీ ప్రోగ్రామూ ఒకే వేడి కోసం పోట్లాడుకుంటాయి, కరెంటు పంపు పూర్తిగా బెల్టు పంపు స్థానంలోకి వచ్చినప్పుడు థర్మోస్టాట్ తీసేయడమే మేలు.

ఇంత చేసినా మొదటిసారి నడిపినప్పుడు వేడి 78కీ 93కీ మధ్య ఊగుతూ కనబడవచ్చు. గీజర్ కుళాయి తిప్పి, వేడి నీళ్లు వచ్చేలోపే మళ్లీ తిప్పేసే మనిషి పరిస్థితే ఇది. 5 లీటర్ల కూలెంట్ నిమిషానికి 50 లీటర్ల చొప్పున తిరుగుతుంటే ఒక చుట్టు 6 సెకన్లు. అదే 15 లీటర్లకు తగ్గిస్తే 20 సెకన్లు. అంటే మీరు పంపును నెమ్మది చేసిన కొద్దీ వేడి కబురు మీకు ఆలస్యంగా అందుతుంది. ఈ ఒక్క సంగతి అర్థమైతే పీఐడీ (వేడిని ఒక చోట నిలిపే కంట్రోల్ లెక్క) పుస్తకాలు తిరగేయకుండానే సగం పని అయిపోతుంది. పెంచేటప్పుడు త్వరగా పెంచండి, సెకనుకు 10 శాతం. తగ్గించేటప్పుడు సెకనుకు ఒక శాతం, అంతకు మించవద్దు. ఊగడం చాలావరకు ఆగిపోతుంది. ఫార్ములా భారత్ అనే విద్యార్థుల రేసు కార్ల పోటీ కోసం కేటీఎమ్ 390 ఇంజన్‌తో బండి కట్టే ఇంజనీరింగ్ విద్యార్థులకు కూలెంట్ ఇంకా తక్కువ ఉంటుంది, చుట్టు ఇంకా చిన్నది, వాళ్లు తగ్గించే వేగాన్ని 2 శాతం దాకా పెట్టుకోవచ్చు.

తాళం తీశాక కూడా పంపు కాసేపు తిరగాలి, లోపలి లోహంలో ఉన్న వేడి నీటిలోకి వస్తూనే ఉంటుంది. వేడి 85 కంటే తగ్గేదాకా లేదా 3 నిమిషాలు, ఏది ముందైతే అది. దీనికోసం రిలే కాయిల్‌కు రెండు దారులు ఇవ్వండి, ఒకటి తాళం నుంచి డయోడ్ గుండా, రెండోది ఆర్డుయినో నడిపే ట్రాన్సిస్టర్ నుంచి. తాళం ఉన్నంతసేపు బోర్డు బతికినా చచ్చినా రిలే ఆన్, తాళం తీశాక బోర్డు చెప్తేనే ఆన్. రాత్రంతా పంపు తిరిగి పొద్దున బ్యాటరీ డౌన్ అయ్యే టెన్షన్ ఉండదు. తాళం ఉందో లేదో ఆర్డుయినోకు తెలియాలంటే 22 కిలోఓమ్‌లు, 10 కిలోఓమ్‌లతో వోల్టేజ్ తగ్గించి ఇవ్వండి, 14.4 వోల్టులు 4.5 అవుతాయి.

ఒక చిక్కు మిగిలింది. ప్రోగ్రాం ఎక్కడో ఇరుక్కుపోతే పిన్ను మీద చివరి డ్యూటీ అలాగే నడుస్తుంది, చిప్పు లోపలి టైమర్‌కు ప్రోగ్రాంతో పని లేదు. కనీస వేగంలో ఇరుక్కుంటే కష్టం. అందుకే 2 సెకన్ల వాచ్‌డాగ్ పెట్టండి, ప్రోగ్రాం పలకకపోతే అది రీసెట్ చేస్తుంది, రీసెట్‌లో పిన్నులు వదులైపోతాయి, పంపు ఫుల్ అవుతుంది. పాత బూట్‌లోడర్ (బోర్డు మొదలవగానే నడిచే చిన్న ప్రోగ్రాం) ఉన్న ఆర్డుయినో నానో బోర్డులు వాచ్‌డాగ్ తర్వాత మళ్లీ మళ్లీ రీసెట్ అవుతూనే ఉంటాయి, కొత్త బూట్‌లోడర్ ఎక్కించుకోండి.

కారులో పెట్టే ముందు బల్ల మీద ఈ పనులు చేసి తీరాలి. బకెట్లో పంపు నీటి మట్టానికి కిందే ఉండాలి, ఇది నీటిని తనంతట తాను పైకి పీల్చుకోదు, పొడిగా తిప్పితే సీలు పోతుంది. కనీస వేగంలో తిరుగుతుండగా సెన్సర్ ప్లగ్ పీకండి. మళ్లీ పెట్టి, దాని రెండు వైర్లు కలపండి. ఆర్డుయినో పవర్ ఊడదీయండి. రీసెట్ బటన్ నొక్కి పట్టుకోండి. నాలుగు సార్లూ నీటి ధార ఒక్కసారిగా బలంగా ఎగజిమ్మాలి. ఒక్కసారి అలా జరగకపోయినా బోర్డును కారు దగ్గరికి తీసుకెళ్లకండి. కారులో పెట్టాక డ్యాష్‌బోర్డు మీద ఒక స్విచ్ కూడా పెట్టుకోండి, అది నొక్కితే పంపు మైనస్ వైరు మోస్‌ఫెట్‌ను దాటి నేరుగా గ్రౌండ్‌కు కలవాలి. వేడి ఎక్కువైతే వెలిగే లైటుకు మన సెన్సర్ కాకుండా వేరే సెన్సర్ వాడండి.

వచ్చే భాగానికి మీరు చేయవలసింది: 40, 60, 80, 100 శాతం డ్యూటీల దగ్గర నిమిషానికి ఎన్ని లీటర్లు, ఎన్ని ఆంపియర్లు అని కొలిచి మొదటి కాగితం పక్కనే రాసుకోండి. బ్యాటరీ నుంచి వచ్చే కరెంటే కొలవండి, డీసీ క్లాంప్ మీటర్ ఉంటే సులువు. మూడో భాగంలో బ్రష్‌లెస్ పంపుల సిగ్నల్ వైరు సంగతి చూద్దాం, సిగ్నల్ తెగితే వాటిలో చాలా పంపులు ఏం చేస్తాయో కూడా అప్పుడే పరీక్షిద్దాం.