లారా గోతిలో పడకుండా ఉండాలంటే

బెంగళూరు మారతహళ్లిలోని మా పీజీలో ఇప్పుడు 1996 నాటి కంప్యూటర్ ఆట టూంబ్ రైడర్ మోజు నడుస్తోంది. కొత్త ఆటలకు అలవాటు పడిన తమ్ముళ్లు రెండు గోతులు దాటకముందే కీబోర్డును తిట్టిపోస్తున్నారు. దాని తప్పేమీ లేదు. ఆ గుహలన్నీ సమానమైన చదరపు గళ్లతో కట్టినవి. ఆటలో మనం నడిపించే సాహసి లారా దూకే దూరమూ ఆ గళ్ల లెక్కే.

నిలబడి దూకితే ఒక గడి ఖాళీ దాటుతుంది, పరుగెత్తి దూకితే రెండు. మూడు గళ్లయితే గాల్లో ఉండగానే కంట్రోల్ మీట నొక్కి ఉంచాలి, అవతలి అంచు చేతికి చిక్కుతుంది. పరుగుకు చోటు ఎంత కావాలో కంటితో అంచనా వేయకండి. షిఫ్ట్ నొక్కి ఉంచి అంచుదాకా నడిపించండి. ఆమె పడదు, అక్కడే ఆగుతుంది. షిఫ్ట్ వదిలి వెనక బాణం మీట ఒక్కసారి తట్టండి, వెనక్కి ఒక గంతు వేస్తుంది. ఇప్పుడు ముందు బాణం, వెంటనే ఆల్ట్ నొక్కి ఉంచండి. సరిగ్గా అంచు మీదే ఎగురుతుంది!

కెమెరా తిక్కకు మాత్రం మందు లేదు, భరించాల్సిందే. 2024లో వచ్చిన కొత్త రూపం ఆడేవారు సెట్టింగుల్లో పాత ట్యాంక్ కంట్రోల్స్ (పక్క బాణాలతో లారా తిరుగుతుంది, ముందు బాణంతో తను చూస్తున్న వైపే కదులుతుంది) ఎంచుకోండి, ఈ కొలత వాటితోనే కుదురుతుంది. ల్యాప్‌టాప్ బాణాలు మరీ ఇరుకనిపిస్తే ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్‌పీ రోడ్డులో ఒక సాదా వైరు కీబోర్డు కొనుక్కోండి. ఆటలోని లోయలో టైరనోసారస్ డైనోసార్ ఎదురొచ్చినప్పుడు వేళ్లు తడబడకూడదు కదా.